క్రిస్ క్రిస్టీ ముక్కుసూటితనం: నాయకత్వమా, నోటి దురుసా?

ఎడిసన్ రావు:
ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన గొడవ ఇది. తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. 2010 నుంచి 2018 జనవరి దాకా న్యూజెర్సీ గవర్నర్‌గా ఉన్న క్రిస్ క్రిస్టీ గుర్తున్నారుగా? రిపబ్లికన్, అంతకుముందు ఫెడరల్ ప్రాసిక్యూటర్, ఎవరినైనా మొహం మీదే అనేసే మనిషి. ఆ తీరు రాష్ట్రానికి మేలు చేసిందా, కీడు చేసిందా?

నేను 2013లో ఆయనకే ఓటేశాను, ముందే చెప్తున్నా. డెమొక్రాట్ల రాష్ట్రంలో ఒక రిపబ్లికన్‌కు అరవై శాతం ఓట్లు ఊరికే పడవు. 2011లో ఐరీన్ తుఫాను ముంచుకొస్తుంటే ఆస్బరీ పార్క్ బీచ్‌లో జనం ఇంకా తువ్వాళ్లు పరుచుకుని పడుకున్నారు. ఈయన టీవీలోకి వచ్చి, నాలుగున్నరైంది, ఎండలో కాగింది చాలు, ఇక బీచ్ ఖాళీ చేయండి అని గదమాయించారు. ఆ సమయంలో మర్యాదగా విజ్ఞప్తి చేస్తే ఎవడు వింటాడండీ?

వైజాగ్ మాస్టారు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాకు గవర్నర్ అంటే అసెంబ్లీలో ప్రసంగం చదివి వెళ్లే పెద్దమనిషి. ఇలా జనాన్ని గదమాయించే అధికారం ఆయనకెక్కడిది?

ఎడిసన్ రావు:
మాస్టారూ, ఇక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి అనుకోండి. జనమే నేరుగా ఎన్నుకుంటారు. అందులోనూ న్యూజెర్సీలో 1947 రాజ్యాంగం గవర్నర్‌కు చాలా అధికారం ఇచ్చింది. అటార్నీ జనరల్‌ను ఆయనే నియమిస్తారు, బడ్జెట్‌లో నచ్చని పద్దు ఒక్కటే కొట్టేయగలరు.

సుజాత, పర్సిప్పనీ:
రావు గారూ, మీరు చెప్పిన ఆ అధికారమే నా అభ్యంతరం. అంత బలం ఉన్న మనిషి ఎవరి మీద నోరు చేసుకుంటున్నాడన్నది చూడాలి. 2011లో ఒకావిడ టీవీ కార్యక్రమానికి ఫోన్ చేసి, మీ పిల్లల్ని ప్రైవేటు బడికి పంపుతూ ప్రభుత్వ బడుల నిధులు కోయడం న్యాయమేనా అని అడిగింది. నా పిల్లల్ని ఎక్కడ చదివిస్తే నీకెందుకు అన్నారు. 2014లో బెల్మార్‌లో, శాండీ తుఫాను వచ్చి రెండేళ్లయిన సందర్భంగా సభ. ఇళ్లు కోల్పోయినవాళ్లకు సాయం ఇంకా అందలేదని ఒక మాజీ కౌన్సిల్ సభ్యుడు అట్ట పట్టుకుని నిలబడితే, కూర్చో, నోర్ముయ్ అన్నారు. ఆ వీడియోలు చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ప్రశ్న అడిగినవాళ్లను తిడితే ధైర్యం ఎలా అవుతుందో నాకైతే అర్థం కాలేదు.

పడమటి గాలి:
సుజాత గారు సగమే చెప్పారు. ఆయన పైవాళ్లనీ వదల్లేదు. 2011లో భారత్‌లో పుట్టిన లాయర్ సోహైల్ మొహమ్మద్‌ను జడ్జిగా నియమిస్తే, షరియా చట్టం తెస్తాడంటూ గోల చేసింది సొంత పక్షంవాళ్లే. ఆ షరియా గోలంతా చెత్త, ఈ పిచ్చివాళ్లతో విసిగిపోయాను అన్నారు క్రిస్టీ. మర్యాదస్తుడైన నాయకుడైతే 'అన్ని మతాలనూ గౌరవిద్దాం' అని తప్పుకునేవాడు.

2012లో శాండీ వచ్చింది సరిగ్గా అధ్యక్ష ఎన్నికల ముందు. ఒబామా సాయం చేశారని బాహాటంగా మెచ్చుకుని సొంత పార్టీ చేత తిట్లు తిన్నారు. తర్వాత జనవరిలో తుఫాను సాయం బిల్లును పక్కన పెట్టారని అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ జాన్ బేనర్‌ను పేరు పెట్టి మరీ కడిగేశారు. ఆయన కూడా రిపబ్లికనే!

కావలి కుర్రాడు:
అన్నా, తిట్లు ఎవరికి తగిలాయో తర్వాత చూద్దాం. సొరంగం సంగతి ఎవరూ ఎత్తరేం? హడ్సన్ నది కింద మాన్‌హట్టన్‌కు వెళ్లే రైలు సొరంగాలు 1910 నాటివి, వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి. కొత్త వాటి కోసం 8.7 బిలియన్ డాలర్ల ప్రాజెక్టు పని మొదలైంది. ఖర్చు పెరిగితే మన నెత్తిన పడుతుందని 2010 అక్టోబర్‌లో క్రిస్టీ ఒక్క దెబ్బకు రద్దు చేశారు. ఆ ధైర్యానికి ఎంత పొగిడారో! రెండేళ్లకు శాండీ ఉప్పునీళ్లు పాత సొరంగాల్లోకి వచ్చాయి. ఇప్పుడు మళ్లీ కొత్త సొరంగానికి పెట్టుకున్న లెక్క 16 బిలియన్లు.

నేను రోజూ మెట్రోపార్క్‌లో రైలెక్కుతాను. సొరంగం ముందు రైలు ఆగితే బోగీలో ఎవరూ మాట్లాడరు, అందరూ ఒకేసారి ఫోన్ తీసి ఆఫీసుకు మెసేజ్ పెడతారు. ముక్కుసూటిగా 'వద్దు' అనడం తేలిక. దాని ఖరీదు పన్నెండేళ్ల తర్వాత ఉద్యోగంలో చేరిన నాలాంటివాడు కడుతున్నాడు.

పడమటి గాలి:
అది లెక్కల తప్పు తమ్ముడూ, నోటి తప్పు కాదు. మెత్తగా మాట్లాడేవాళ్లు ప్రాజెక్టులు రద్దు చేయలేదా?

సుజాత, పర్సిప్పనీ:
అయితే నోటి తప్పే చెప్తాను. 2013 సెప్టెంబర్‌లో జార్జ్ వాషింగ్టన్ వంతెన మీదికి ఫోర్ట్ లీ నుంచి వచ్చే మూడు లేన్లలో రెండు నాలుగైదు రోజులు మూసేశారు. అక్కడి డెమొక్రాట్ మేయర్ క్రిస్టీకి మద్దతు ప్రకటించలేదు. 'ఫోర్ట్ లీలో కాస్త ట్రాఫిక్ సమస్యలకు టైమొచ్చింది' అని క్రిస్టీ ఆఫీసులోని ఉన్నతోద్యోగి పంపిన ఈమెయిల్ తర్వాత బయటపడింది. తనకు తెలియదని ఆయన అన్నారు, ఆయన మీద కేసూ పెట్టలేదు. ఈ కేసులో శిక్షపడ్డ ఆయన మనుషులిద్దరి తీర్పునూ 2020లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. అది వాళ్లు సొంతానికి డబ్బో ఆస్తో కాజేసిన మోసం కాదు, అధికార దుర్వినియోగమే అంది. సరే, ఒప్పుకుంటాను.

కానీ ఈమెయిల్ బయటపడక ముందు విలేఖరులు అడిగితే ఈయనేమన్నారో గుర్తుందా? ఆ కోన్‌లు పెట్టింది నేనే, మారువేషంలో వెళ్లానని వెటకారం. ఆరు వారాలు తిరక్కుండా దాదాపు రెండు గంటలు నిలబడి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. దొర ఎదుటివాణ్ని ఎలా చూస్తాడో కింది ఉద్యోగులు రోజూ చూస్తుంటారు. నోటితో ఆర్డర్ వేయక్కర్లేదు.

ఎడిసన్ రావు:
ఈమెయిల్ ఒకరు రాస్తే సంస్కారం ఇంకొకరిదంటారా? ఇది ప్రాసిక్యూటర్ మాటే గానీ న్యాయం కాదు. పని చూడండి. ప్రాపర్టీ ట్యాక్స్ వసూళ్లు ఏడాదికి రెండు శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి ఆయన తెచ్చిందే.

సుజాత, పర్సిప్పనీ:
ఎలా తెచ్చారు? ఆయన అడిగింది రెండున్నర శాతం, అదీ రాజ్యాంగ సవరణగా. రెండు సభలూ డెమొక్రాట్లవి. సెనేట్ అధ్యక్షుడు స్వీనీతో బేరం కుదిరి, మినహాయింపులతో రెండు శాతం మామూలు చట్టంగా వచ్చింది. ఆ గదిలో ఎవరూ ఎవర్నీ నోర్ముయ్ అని ఉండరు. అందుకే దానికి యూట్యూబ్ వీడియో లేదు!

ఇక బీచ్‌తో మొదలుపెట్టారు గనక 2017 జులై కూడా చెప్పుకుందాం. బడ్జెట్ గొడవతో ప్రభుత్వం మూతపడింది, ఐలండ్ బీచ్ పార్కులోకి జనాన్ని రానివ్వలేదు. క్రిస్టీ కుటుంబంతో అదే ఖాళీ ఇసుక మీద కుర్చీ వేసుక్కూర్చుంటే, పత్రికవాళ్లు పైనుంచి ఫొటో తీశారు. ఇవాళ ఒంటికి ఎండేమైనా తగిలిందా అని విలేఖరులు అడిగితే లేదన్నారు. ఫొటో బయటికొచ్చాక ఆయన ప్రతినిధి వివరణ: తలకు టోపీ ఉంది కాబట్టి ఎండ తగల్లేదు.

వైజాగ్ మాస్టారు:
టోపీ వివరణ బాగుందమ్మా. మావాళ్లకు నేర్పకండి.

ఎడిసన్ రావు:
ఆ ఫొటో వచ్చిన రోజు మా ఆవిడ నాకు మూడుసార్లు ఫార్వర్డ్ చేసింది, నేను సమర్థించలేదు. ఆ జూన్‌లోనే క్విన్నిపియాక్ సర్వేలో ఆయన పని బాగుందన్నవాళ్లు పదిహేను శాతానికి దిగారు, అందులో నేను లేను. కానీ ఆ రెండు శాతం మాత్రం నాకు ప్రాపర్టీ ట్యాక్స్ కట్టాల్సిన ఫిబ్రవరి ఒకటిన, మే ఒకటిన, ఆగస్టు ఒకటిన, నవంబర్ ఒకటిన గుర్తొస్తుంది. ఆ ఘనతలో స్వీనీకి సగం ఇచ్చేయమంటారా, ఇస్తాను. మిగతా సగం మాత్రం ఈయనదే.