పోలికకు తీసుకున్న ఇళ్ల విస్తీర్ణాన్ని ఎలా నిర్ధారించుకోవాలి?

ప్రశ్న (తిరుపతి)

నమస్కారం. నేను బ్యాంకు రుణాల కోసం ఇళ్లకు, ఫ్లాట్లకు విలువ కట్టే పనిలో ఉన్నాను. రుణం అడిగిన ఇంటిని లేజర్ మీటరుతో స్వయంగా కొలుస్తాను కాబట్టి దాని ప్లింత్ ఏరియా (బయటి గోడలతో కలిపిన కట్టడం విస్తీర్ణం) విషయంలో నాకు అనుమానం ఉండదు. చిక్కంతా విలువ తేల్చడానికి పోలికకు తీసుకునే, ఇప్పటికే అమ్ముడైన ఇళ్లతోనే వస్తోంది, ఎందుకంటే వాటి లోపలికి వెళ్లి కొలిచే అవకాశం మనకు దొరకదు. ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర 60 లక్షలకు అమ్ముడైన ఒక ఫ్లాటుకు దస్తావేజులో 1,200 చదరపు అడుగులని, ఆస్తిపన్ను రికార్డులో 960 అని ఉండగా, అమ్మిపెట్టిన మధ్యవర్తి 1,250 అంటున్నారు. వీటిలో దేన్ని తీసుకోవాలి? దాన్ని నివేదికలో ఎలా సమర్థించుకోవాలి?

జవాబు 1

ఏ అంకె నిజమని అడిగే ముందు, ఏ అంకె దేన్ని కొలుస్తోందో చూడండి. 960కి నాలుగో వంతు కలిపితే సరిగ్గా 1,200 వస్తుంది. అంటే దస్తావేజులో మెట్లు, లిఫ్టు, నడవా వాటా కలిపిన సూపర్ బిల్టప్ రాసి ఉండవచ్చు, పన్ను రికార్డులో ఫ్లాటు ప్లింత్ ఏరియా మాత్రమే ఉండవచ్చు. అలాగైతే రెండూ నిజమే. 60 లక్షలను 1,200తో భాగిస్తే అడుగుకు 5,000, 960తో భాగిస్తే 6,250 వస్తుంది. మీరు కొలిచిన ఫ్లాటు 1,000 అడుగుల ప్లింత్ అనుకుంటే, మొదటి రేటుతో 50 లక్షలు, రెండో రేటుతో 62.5 లక్షలు అవుతుంది. ఈ పన్నెండున్నర లక్షల తేడా మార్కెట్టులోది కాదు, ఒకదాన్ని ఒక కొలతతోనూ మరొకదాన్ని ఇంకో కొలతతోనూ లెక్కించడం వల్ల వచ్చింది. పోలికలో నేను అన్నిటికన్నా ముఖ్యంగా చూసేది ఇదే.

అందుకే నేను అన్నిటినీ ప్లింత్ ఏరియాలోకి మార్చుకున్నాకే రేటు కడతాను. బయటి గోడల మందం కలుపుకొని ప్రతి అంతస్తునూ ఎలా కొలవాలో భారత ప్రమాణం ఐఎస్ 3861 చెబుతుంది. స్థిరాస్తి నియంత్రణ చట్టమైన రెరా చెప్పే కార్పెట్ ఏరియా వేరు. అందులో బయటి గోడలు, పైపులు వెళ్లే షాఫ్టులు, సొంత బాల్కనీ, సొంత టెర్రస్ ఉండవు, లోపలి అడ్డుగోడలు మాత్రం ఉంటాయి. ఆ అపార్ట్‌మెంటు రెరాలో నమోదై ఉంటే ఒక్కో రకం ఫ్లాటు కార్పెట్ ఏరియా ఏపీ రెరా వెబ్‌సైటులో చూసుకోవచ్చు. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టిన వాటికి, 8కి మించని ఫ్లాట్లున్న వాటికి నమోదు తప్పనిసరి కాదు. మన ఊరి సందుల్లోని చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఆ కోవలోకే వస్తాయి కనుక వాటికి మంజూరైన ప్లానే గతి.

జవాబు 2 (చిత్తూరు)

పై జవాబు ఫ్లాట్లకు సరిపోతుంది. సొంత ఇళ్ల విషయంలో లెక్క తిరగబడుతుంది. గ్రీమ్స్‌పేట, కొంగారెడ్డిపల్లి లాంటి చోట్ల నేను చూసే దస్తావేజుల్లో కట్టడం విస్తీర్ణాన్ని ఉన్నదానికన్నా తక్కువగా రాయడమే ఎక్కువ, ఎందుకంటే స్టాంపు సుంకం లెక్కలో కట్టడం విలువ కూడా చేరుతుంది. పన్ను రికార్డు కూడా యజమాని చెప్పినదాని మీద నడిచి ఉంటే అదే తీరు. పైన తర్వాత వేసుకున్న పెంట్‌హౌస్ రెండింటిలోనూ కనిపించకపోవచ్చు. మంజూరైన ప్లానులో రెండంతస్తులు ఉండి, ఎదురుగా నిలబడితే మూడు కనిపిస్తే, కాగితాన్ని పక్కనపెట్టి కంటికి కనిపించేదాన్ని రాసుకోవాలి. అనుమతి లేని అంతస్తుకు విలువ ఇవ్వాలా వద్దా అన్నది వేరే చర్చ.

గూగుల్ ఎర్త్‌లో పైకప్పును కొలవడం మంచిదే, కానీ సజ్జల విషయంలో జాగ్రత్త అవసరం. 30 అడుగులు, 40 అడుగుల ఇంటికి నాలుగు వైపులా అడుగున్నర చొప్పున స్లాబు బయటికి వస్తే, పైనుంచి 33, 43గా కనిపించి 1,200 కాస్తా 1,419 అవుతుంది. కాబట్టి వీధిలోంచి గోడ నుంచి గోడకు ముఖభాగాన్ని కొలిచి, చిత్రంలోని కొలతను దానితో సరిదిద్దుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పక్కింటితో ఉమ్మడి గోడ ఉండి బయటినుంచి కొలవడానికి వీల్లేని పాత వీధుల్లో ఏం చేయాలి? మంజూరైన ప్లాను చూపించడానికి యజమాని ఇష్టపడకపోతే?

జవాబు 3

యజమాని చూపించకపోయినా, రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకాన్ని ఎవరైనా రుసుము చెల్లించి పరిశీలించవచ్చు, నకలు కూడా తీసుకోవచ్చు. ఈసీలో (ఆస్తి లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించే ఒక్క వరుసతో సరిపెట్టుకోకుండా నకలు తీయించి, అంతస్తుల వారీ వివరాలున్న అనుబంధం చదవండి. విస్తీర్ణంలో మెట్లు కలిశాయా, కారు పార్కింగు వేరుగా రాశారా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఫ్లాటయితే దాని సరిగ్గా పైనో కిందో ఉన్న ఫ్లాటును కొలవనిస్తారేమో అడగండి, సాధారణంగా ఆ వరుసంతా ఒకే కొలత. ఉమ్మడి గోడల పాత ఇంటికి అమ్మకం ప్రకటనలోని ఫొటోలు పనికొస్తాయి. హాలులో రెండడుగుల టైల్స్ ఒకవైపు ఆరు, రెండోవైపు తొమ్మిది కనిపిస్తే అది 12, 18 అడుగుల హాలు. ఇప్పుడు నాలుగడుగుల పలకలు కూడా వేస్తున్నారు కనుక ముందు తలుపు వెడల్పుతో పోల్చి టైలు సైజు తేల్చుకోవాలి. ఇది కాగితంలోని అంకె నమ్మదగినదో కాదో చూడటానికే తప్ప, దాన్నే విస్తీర్ణంగా రాయడానికి కాదు.

ఇన్ని చేసినా అంకెలు కలవకపోతే ఆ ఇంటిని వదిలేసి, కాస్త దూరమైనా కొలత తెలిసిన ఇంకొకదాన్ని తీసుకోండి. మధ్యవర్తి మాట ఒక్కటే ఆధారమైన విస్తీర్ణంతో నేను రేటు కట్టను. ఉంచుకున్న ప్రతి ఇంటి పక్కనా "ప్లింత్ ఏరియా 960 చదరపు అడుగులు, ఆస్తిపన్ను రికార్డు నుంచి తీసుకుని మంజూరైన ప్లానుతో సరిచూసినది, లోపల కొలవలేదు" అని పూర్తి వాక్యంలో రాయండి. బ్యాంకు అడిగే ఆధారం అదే.