పాప సంకీర్తనా, పాపసంకీర్తనమా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

గ్రూపులో పెద్దలకు నమస్కారం. నిన్న సాయంత్రం ఏలూరు రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగితే పక్కనే ఉన్న చర్చి గేటుకి కొత్త ఫ్లెక్సీ కనిపించింది. పైన సిలువ బొమ్మ, కింద ఇంత లావు అక్షరాలతో "పాప సంకీర్తన, శనివారం సాయంత్రం 5 గంటల నుంచి". నిజం చెప్పొద్దూ, ఎవరో సంకీర్తన అనే పాప పుట్టినరోజు ఫంక్షన్ అనుకున్నాను. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరు సంకీర్తనలు ఉన్నారు మరి. పాప ఫొటో కోసం కూడా వెతికాను, ఈలోగా గ్రీన్ పడింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వి, కింద ఫ్లాట్ టీచర్ గారిని అడిగింది. వాళ్ళు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులు. "ఈస్టర్ ముందు ఫాదర్ గారి దగ్గర పాపాలు చెప్పుకోవడం అండీ" అన్నారట. ఇప్పుడు నా అనుమానం ఏమిటంటే, సంకీర్తన అంటే నాకు తెలిసింది అన్నమయ్య సంకీర్తన, హరినామ సంకీర్తన. చేసిన పాపాలను కీర్తించడం ఏమిటి? అనువాదంలో ఎక్కడో తేడా కొట్టిందా?

జవాబు

రాగం కూడా వేసి ఉంటే బాగుండేది. ముఖారి అయితే సరిగ్గా సరిపోతుంది.

జవాబు (తెనాలి నుంచి, సంస్కృతం మాస్టారు)

జోకులు తర్వాత వేసుకోవచ్చు. మాటలో తప్పేమీ లేదు. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం, కీర్తన అనే మాటకి మూలమైన ధాతువుకి ఇచ్చిన అర్థం సంశబ్దనం, అంటే గట్టిగా పలకడం, పేరెత్తి చెప్పడం. పాట సంగతి అక్కడ లేనే లేదు. కీర్తి అన్నా అంతే కదా, పదిమంది నోట మన పేరు పడటం. దానికి ముందు "సం" చేరితే చక్కగా, పూర్తిగా చెప్పడం. మనకి తెలుగులో భజనలు, పదాలు ఎక్కువై సంకీర్తన అనగానే తాళాలు వినిపిస్తున్నాయి గానీ, పాపసంకీర్తనం అంటే పాపాన్ని మిగల్చకుండా చెప్పేయడం అనే వస్తుంది.

మన ధర్మశాస్త్రాల్లో దీనికి దగ్గరి మాట ఖ్యాపనం. మనుస్మృతి 11వ అధ్యాయంలో పాపం చేసినవాడు దాన్నుంచి బయటపడే దారులు చెబుతూ ఖ్యాపనం, అనుతాపం, తపస్సు, అధ్యయనం అని వరసగా ఇస్తాడు. నోరు విప్పి చెప్పుకోవడమే మొదటిది. ఇక ఫ్లెక్సీ వాడు చేసిన అసలు నేరం ఆ ఖాళీ. సమాసాన్ని మధ్యకి నరికితే పాపం కాస్తా పాప అయి కూర్చుంది, చివర సున్నా కూడా మింగేశాడు.

జవాబు (గుంటూరు నుంచి)

మాస్టారూ, మీరు చెప్పిన వరసలో తపస్సు ఉంది చూశారా, ఈస్టర్ ముందు వచ్చే ఈ నలభై రోజులను మేం పిలిచేదే తపస్సు కాలం అని. నాకు ఇవాళే తట్టింది.

మాది ఫిరంగిపురం, ఇప్పుడు బ్రాడీపేటలో ఉంటున్నాం. ఈ మాట నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇంట్లో మాటే, దాంట్లో పాట ఉందని ఈ పోస్టు చదివేదాకా ఒక్కసారి కూడా అనిపించలేదు. మా నాయనమ్మ అయితే పాపం ముక్క కూడా వదిలేసి ఉత్త "సంకీర్తనం" అనేది. "సంకీర్తనం చేసొచ్చావంటే?" అని అడిగేది, కాళ్ళు కడుక్కొచ్చావా అన్నంత మామూలుగా.

ఫ్లెక్సీ ఇప్పుడే ఎందుకు కట్టారంటే, ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని, పాస్కా (ఈస్టర్) కాలంలో సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, తీసుకోవాలని శ్రీసభ (మా కాథలిక్ సంఘం) కట్టడ. ఇది 1215లో లాతరాన్ మహాసభలో పెట్టిన నియమం, మేం చిన్నప్పుడు ఉపదేశంలో బట్టీ పట్టినదే. తపస్సు కాలం మొదలయ్యే విభూతి బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని ఇంకా బోలెడు రోజులు ఉన్నాయిలే అనుకుంటాం. ఐదో ఆదివారానికి గుడికి వెళితే స్వరూపాలన్నిటికీ ఊదారంగు గుడ్డలు కప్పేసి ఉంటాయి, మరియమాత ముఖం కూడా కనపడదు, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. శుక్రవారం సిలువ మార్గం (యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ చేసే ప్రార్థన) అవగానే, పద్నాలుగు స్థలాలకీ లేచి, మోకరించి, మళ్ళీ లేచి కాళ్ళు పీకుతుంటే, ఫాదర్ గారు ప్రకటన చదువుతారు: పక్క విచారణల నుంచి గురువులు (ఫాదర్లు) వస్తున్నారు, పాపసంకీర్తనాలు చేసుకోండి, చివరి రోజు దాకా ఆగకండి అని. అందరూ చివరి రోజు దాకానే ఆగుతారు.

(విచారణ అంటే ఎంక్వైరీ కాదండోయ్. మాకు విచారణ అంటే ఒక ఫాదర్ గారి కిందుండే ఊళ్ళు, జనం. బాగోగులు చూడటం అనే పాత అర్థం. బైబిల్లో పోతీఫరు యోసేపును తన ఇంటికి విచారణకర్తగా పెట్టుకుంటాడు, ఆ విచారణ. దీనికి వేరే పోస్టు పెట్టాలి అసలు.)

ఇక మాస్టారు "మిగల్చకుండా" అన్నారే, దానికి నా దగ్గర సాక్ష్యం ఉంది. మా నియమం కూడా అదే, పెద్ద పాపం అయితే ఏ పాపం, ఎన్నిసార్లు అన్నది చెప్పాలి. చిన్నపిల్లలకి పెద్దదేదో చిన్నదేదో తెలియదు కాబట్టి అన్నిటికీ లెక్క రాసుకునేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మొదటిసారి. ముందురోజు రాత్రి నోటుబుక్కు కాగితం చింపి రాసుకున్నాను: అమ్మకి ఎదురు చెప్పాను, 3 సార్లు. పటికబెల్లం దొంగతనం, 2 సార్లు. తమ్ముణ్ణి గిల్లాను, లెక్కలేదు. గుడి మూలన చెక్క గది, మధ్యలో చిల్లుల పలక, ఇటువైపు మోకాళ్ళ పీట. మోకరించి చీటీ తీస్తే చీకట్లో ఒక్క అక్షరం కనపడలేదు. చెమటలు పట్టాయి. గుర్తొచ్చిన ముక్క ఒక్కటే, అదే చెప్పేశాను: "లెక్కలేదు ఫాదర్". అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "ఏది లెక్కలేదమ్మా?" అన్నారు.

మరియమాతకి చెప్పుకునే మంగళవార్త జపం మూడుసార్లు చెప్పమని ప్రాయశ్చిత్తం వేశారు. ఆ చీటీ మాత్రం వారం తర్వాత తమ్ముడి చేతిలో పడింది, వాడు ఇంట్లో అందరికీ రాగం తీసి వినిపించాడు. ప్రశ్న వేసిన అన్నయ్య గారు అనుకున్న సంకీర్తన అంటే అదన్నమాట.

జవాబు (గుంటూరు నుంచి)

మేం లూథరన్‌లం అక్కా, ప్రొటెస్టెంట్లం. 1842లో మిషనరీ హెయ్యర్ దొర గుంటూరు వచ్చిన దగ్గర్నుంచీ ఉన్న సంఘాలు మావి. మేం పాపసంకీర్తనం అనం, ఒప్పుకోలు అంటాం, అదీ ఆరాధన మొదట్లో అందరం కలిసి గట్టిగా చదువుతాం. తపస్సు కాలం అని కూడా అనం, శ్రమల దినాలు. ఒకే ఊరు, ఒకే నలభై రోజులు, రెండు డిక్షనరీలు. నాకైతే ఒప్పుకోలే అచ్చ తెలుగులా హాయిగా ఉంది, ఎవరికీ వివరించక్కర్లేదు.

జవాబు (గుంటూరు నుంచి, ఫిరంగిపురం అక్క)

తమ్ముడూ, హాయిగా ఉందన్నది నిజమే. కానీ ఒప్పుకోవడం అంటే ముందు ఎవరో అడిగి ఉండాలి కదా, "నేరం ఒప్పుకున్నాడు" అని పేపర్లో రాస్తే ఆ వెనకాల పోలీసు ఉన్నట్టే. సంకీర్తనంలో ఎవరూ అడగరు. మనమే వెళ్ళి, మనమే మొదలుపెట్టి చెప్పాలి. ఆ తేడా నాకు ముఖ్యం. ఇంకోటి, పాపాలు చెప్పాక మేం చదివేది మనస్తాప జపం. అందులో మనస్తాపం అంటే చేసిన దానికి మనసు కాలడం. ఇప్పుడు పేపర్ల పుణ్యమా అని మనస్తాపం అంటే ఎవరో ఏదో అంటే నొచ్చుకోవడం అయిపోయింది, మా అబ్బాయి ఆ జపం చదివి "దేవుడు ఏమన్నాడని అమ్మా?" అని అడిగాడు.

జవాబు (తెనాలి నుంచి, సంస్కృతం మాస్టారు)

అమ్మా, మీ అబ్బాయి ప్రశ్న నేను రేపు క్లాసులో వాడుకుంటాను. అనుతాపం, మనస్తాపం, పశ్చాత్తాపం మూడూ బోర్డు మీద రాసి, మంట ఎవరు పెట్టారో చెప్పమంటాను.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు, అనువాదం తప్పేమో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. లెక్కతో సహా, ఒక్కసారే. ఇవాళ ఆఫీసు నుంచి వస్తూ మళ్ళీ అటే వచ్చాను. ఎవరో చెప్పినట్టున్నారు, "న" పక్కన తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో సున్నా రాసి అతికించారు. మధ్యలో ఖాళీ మాత్రం అలాగే ఉంది.

జవాబు (గుంటూరు నుంచి, ఫిరంగిపురం అక్క)

ఖాళీ పోవాలంటే ఫ్లెక్సీ మొత్తం మార్చాలి అన్నయ్య గారూ. ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం దాకా అదే ఉంటుంది చూడండి.