ఒకే పొజిషన్‌కి మూడు కన్సల్టెన్సీలు మూడు రేట్లు చెప్తున్నాయి, ఎలా పోల్చుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, ఉండేది కూకట్‌పల్లిలో. ఆటోమేషన్ టెస్టింగ్‌లో నాలుగేళ్ల అనుభవం ఉంది. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో ఏడాది కాంట్రాక్ట్ పొజిషన్ పడింది. దాని కోసమే మూడు కన్సల్టెన్సీల నుంచి ఫోన్లు వచ్చాయి. పని ఒకటే, క్లయింట్ ఒకటే, డబ్బు దగ్గరికొచ్చేసరికి మూడు రకాలుగా చెప్తున్నారు.

మొదటి వాళ్లు సీటీసీ ఏడాదికి 9,60,000 అన్నారు. రెండో వాళ్లు నెలకు 75,000 గ్రాస్ ఇస్తామని, కంపెనీ వాటా పీఎఫ్, ఇన్సూరెన్స్ దానికి బయట అని చెప్పారు. మూడో వాళ్లది గంటకు 480 రూపాయలు. కన్సల్టెంట్ పద్ధతి, పీఎఫ్ ఉండదు, 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఇన్‌కం ట్యాక్స్) పట్టుకుంటారు. "మా దగ్గర ట్యాక్స్ బాగా కలిసొస్తుంది" అని కూడా అంటున్నారు.

నెలకు 176 గంటలు వేసుకుంటే మూడోది 84,480 అవుతోంది. మొదటిది 80,000, రెండోది 75,000. మూడోదానికి సరే అనేద్దామనుకుంటున్నాను, కానీ ఏదో తేడా ఉందని టెన్షన్‌గా ఉంది. ఇంటికి నెలనెలా డబ్బు పంపాలి, అందుకే అడుగుతున్నాను.

జవాబు (పేరోల్ విభాగంలో పనిచేస్తున్నాను)

తమ్ముడూ, ఎవరికీ సరే అనకు. నువ్వు పక్కపక్కన పెట్టిన మూడు అంకెలూ మూడు వేరు వేరు విషయాలు. ఒకటి (సీటీసీ) కంపెనీకి నీ మీద అయ్యే మొత్తం ఖర్చు, ఇంకొకటి (గ్రాస్) కోతలకు ముందు జీతం, మూడోది పనిచేసిన గంటకు కూలి. ముందు మొదటి వాళ్లను నెలవారీ బ్రేకప్ (ఏ పద్దు కింద ఎంత అనే లెక్క) మెయిల్‌లో అడుగు. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

అడిగినవారు

బ్రేకప్ పంపారు అన్నా. బేసిక్ 40,000. కంపెనీ పీఎఫ్ వాటా 4,800, గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే మొత్తం) కింద 1,924, ఇన్సూరెన్స్ 1,000. వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) ఏడాదికి 60,000, చివర్లో ఇస్తారట. ఇవన్నీ ఆ 9,60,000 లోపలే ఉన్నాయి.

జవాబు (పేరోల్)

ఇప్పుడు లెక్క వేద్దాం. 80,000 లోంచి 4,800, 1,924, 1,000, నెలకు పడే వేరియబుల్ 5,000 తీసేస్తే 67,276. అందులోంచి నీ వాటా పీఎఫ్ ఇంకో 4,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతాయి. చేతికి వచ్చేది 62,276. ఇన్‌కం ట్యాక్స్ కొత్త పద్ధతిలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను పడదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

రెండోవాళ్లు పీఎఫ్‌ను బేసిక్ మొత్తం మీద కాకుండా 15,000 పరిమితి మీదే కడితే నీ వాటా 1,800. ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోగా చేతికి 73,000. అంకె చిన్నదైనా చేతికి పదివేలు ఎక్కువ. పీఎఫ్ ఎంత మీద కడతారో వాళ్లను కూడా రాతపూర్వకంగా అడుగు.

జవాబు (కాంట్రాక్ట్‌లో పనిచేస్తున్నాను)

ఒక్క మాట. పీఎఫ్‌ని పోయిన డబ్బుగా చూడొద్దు. రెండు వాటాలూ నీవే, యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని నీ పీఎఫ్ నంబర్) కింద జమవుతాయి. కంపెనీ వాటాలో కొంత పెన్షన్‌కి వెళ్తుంది, అంతే. అది కూడా కలిపితే మొదటిది 62,276 కి 9,600 కలిసి 71,876. రెండోది 73,000 కి 3,600 కలిసి 76,600. ఇదీ న్యాయమైన పోలిక.

జవాబు (పేరోల్)

ఒప్పుకుంటాను, అలాగే పోల్చాలి. ఇంకోటి చూడండి. వేరియబుల్ పూర్తిగా ఇచ్చేశారనుకున్నా మొదటిది 76,876 అవుతుంది. అంటే మొదటివాళ్ల 9.6 లక్షలూ, రెండోవాళ్ల 9 లక్షలూ (నెలకు 75,000 చొప్పున) దాదాపు ఒకటే. కానీ వేరియబుల్‌కి చాలా ఆఫర్ లెటర్లలో "చెల్లించే తేదీ నాటికి ఉద్యోగంలో ఉండాలి" అని షరతు ఉంటుంది. కాంట్రాక్ట్ ఎనిమిది నెలలకే ఆగిపోతే అది రాదు. కాంట్రాక్ట్ ఉద్యోగానికి వేరియబుల్ పెట్టడం నాకు అస్సలు నచ్చదు. దాన్ని నెల జీతంలో కలపమని గట్టిగా అడుగు.

గ్రాట్యుటీ 1,924 సంగతి కూడా చూసుకో. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్ ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికి తీసుకున్న) ఉద్యోగికి ఏడాది నిండితే గ్రాట్యుటీ వస్తుంది, ఐదేళ్లు ఆగాల్సిన పని లేదు. అందుకే లెటర్‌లో "ఫిక్స్‌డ్ టర్మ్" అని ఉందా, గడువు పూర్తి 12 నెలలా అనేది చదువు. 11 నెలలకు రాస్తే ఆ డబ్బు సీటీసీలో కనిపిస్తుందే తప్ప నీ చేతికి రాదు.

ఇక గంట లెక్క. నెలకు 176 గంటలు అనేది ఒక్క రోజు కూడా సెలవు పెట్టని మనిషి లెక్క. ఏడాదిలో శని, ఆదివారాలు పోగా 261 రోజులు. క్లయింట్ సెలవులు ఒక పది తీసేయి. సంక్రాంతికి ఊరెళ్లడం, జ్వరం, ఇంట్లో పెళ్లి, వీటన్నిటికీ ఒక పన్నెండు. మిగిలేది 239 రోజులు. రోజుకు 3,840 చొప్పున ఏడాదికి 9,17,760, నెలకు సగటున 76,480. పీఎఫ్ కలిపి రెండోవాళ్లది 76,600 కదా, దానికంటే ఇది కొంచెం తక్కువే, ఆపైన మెడికల్ ఇన్సూరెన్స్ నువ్వే కొనుక్కోవాలి. అయితే రెండోవాళ్ల దగ్గర ఆ పన్నెండు రోజులకు జీతం ఇస్తారా, లాస్ ఆఫ్ పే కింద కోస్తారా? అది తెలియకుండా ఈ పోలిక నిలబడదు.

అడిగినవారు

మరి ట్యాక్స్ కలిసొస్తుంది అన్నారు కదా?

జవాబు (పేరోల్)

వాళ్లు చెప్పేది 44ఏడీఏ అని అందరూ పిలిచే పద్ధతి. వృత్తి ఆదాయంలో సగాన్నే లాభంగా చూపించి రిటర్న్ వేయొచ్చు. ఏడాదికి పాతిక లక్షలు వచ్చేవాళ్లకు అది పెద్ద ఉపయోగమే. నీకు మామూలు జీతం మీద కూడా పన్ను పడటం లేదు, ఇక తగ్గేదేముంది? పైగా టీడీఎస్ కింద దాదాపు 91,776 పట్టుకుంటారు. రిటర్న్ వేశాక తిరిగొస్తుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు నీ దగ్గర ఉండదు. ఇంటికి పంపాల్సిన వాడివి, ఇది బాగా ఆలోచించు.

జవాబు (రిక్రూటర్‌గా పనిచేస్తున్నాను)

రేట్లు ఎందుకు వేరుగా ఉంటాయో చెప్తాను. క్లయింట్ ఒక మనిషికి ఇంత అని కన్సల్టెన్సీకి ఇచ్చేదాన్ని బిల్ రేట్ అంటాం. అందులోంచి జీతం, పీఎఫ్, మా మార్జిన్ అన్నీ రావాలి. క్లయింట్ డబ్బు 30, 45, 60 రోజులకు వస్తుంది. జీతం మాత్రం నెలాఖరుకి ఇవ్వాలి. ఆ మధ్య కాలాన్ని మోయగలిగేవాళ్లు కొందరు, మోయలేనివాళ్లు కొందరు. మధ్యలో ఇంకో వెండర్ (మనుషుల్ని సరఫరా చేసే సంస్థ) ఉంటే మార్జిన్ రెండుసార్లు పోతుంది.

అందుకని ముగ్గురినీ ఇదే అడగండి: "క్లయింట్‌తో మీకు నేరుగా ఒప్పందం ఉందా? క్లయింట్ డబ్బు ఆలస్యమైతే నా జీతం ఏ తేదీకి పడుతుంది?" రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే జాగ్రత్త పడండి. జీఎస్టీ 18 శాతం పోతుంది కాబట్టి మీకు ఇంతే ఇవ్వగలం అంటే ఒప్పుకోవద్దు. అది క్లయింట్ బిల్లు మీద అదనంగా వేసేది.

ముఖ్యమైన విషయం, మీ రెజ్యూమె ఎవరైనా ఇప్పటికే క్లయింట్‌కి పంపారా? ఇద్దరు పంపితే క్లయింట్ పోర్టల్‌లో డూప్లికేట్‌గా పడి, రెండూ పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. ఎవరినో ఒకరిని ఎంచుకునేదాకా "నా అనుమతి మెయిల్ లేకుండా పంపొద్దు" అని ముగ్గురికీ ఈరోజే రాసేయండి.

జవాబు (కాంట్రాక్ట్ ఉద్యోగిని)

ఇది చదివే అమ్మాయిల కోసం. కన్సల్టెంట్ పద్ధతిలో మనం ఉద్యోగులం కాదు. చట్టం ఇచ్చే 26 వారాల జీతంతో కూడిన మెటర్నిటీ సెలవు అందులో రాదు. పేరోల్ మీద ఉంటే, ప్రసవానికి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే హక్కు ఉంటుంది. నెలకు మూడు నాలుగు వేల తేడా కోసం దీన్ని వదులుకోకండి. అలాగే గ్రూప్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు ఉన్నారో లేదో అడగండి. వాళ్లకు విడిగా పాలసీ తీసుకోవడం చాలా ఖరీదు.

అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. రెజ్యూమె ఇంకా ఎవరూ పంపలేదు, ముగ్గురికీ మెయిల్ పెట్టాను. రెండోవాళ్లకు క్లయింట్‌తో నేరుగా ఒప్పందం ఉందట. పీఎఫ్ 15,000 మీదే కడతామని, నెలకు ఒక రోజు జీతంతో సెలవు, జీతం ప్రతి నెలా 5వ తేదీలోపు అని రాసి పంపారు. మొదటివాళ్లు వేరియబుల్‌ని జీతంలో కలుపుతామన్నారు, కానీ డిగ్రీ ఒరిజినల్స్ జాయినింగ్ రోజు ఇచ్చేయాలంటున్నారు, కాంట్రాక్ట్ అయ్యాక తిరిగిస్తారట. ఇస్తే ఏమవుతుంది?

జవాబు (రిక్రూటర్)

ఇవ్వొద్దు. వెరిఫికేషన్‌కి జిరాక్స్ కాపీలు చాలు. కావాలంటే ఒరిజినల్ అక్కడే చూపించి వెంటనే తీసుకోండి. మధ్యలో మంచి ఉద్యోగం వచ్చి వెళ్దామంటే ఆ కాగితాలే మిమ్మల్ని ఆపేస్తాయి. డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు లాంటివి అడిగినా అదే సమాధానం. మా డబ్బు క్లయింట్ ఇస్తాడు, అభ్యర్థి దగ్గర తీసుకోకూడదు.

జవాబు (పేరోల్)

రెండోవాళ్లకు సంతకం పెట్టేముందు నోటీస్ పీరియడ్ చూడు తమ్ముడూ. నీకు 60 రోజులు, వాళ్లకు 7 రోజులు అని ఉంటే రెండు వైపులా ఒకేలా మార్చమని అడుగు. చేరిన రెండో నెలలో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి మొదటి నెల డబ్బు పడిందో లేదో చూసుకో. పడకపోతే ఆలస్యం చేయకుండా వాళ్ల హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు.