యూరిన్‌లో స్ట్రిప్ (ముంచితే రంగు మారే పట్టీ) ఒకటి, కల్చర్ (క్రిముల్ని పెంచి చూసే పరీక్ష) ఇంకోటి చెబితే దేన్ని నమ్మాలి?

బ్రాడీపేట కలెక్షన్:
గుంటూరులో ఉదయం ఏడింటికి తీసిన శాంపిల్స్‌కి స్ట్రిప్, మైక్రోస్కోపీ ఇక్కడే చేస్తాం. కల్చర్ మాత్రం విజయవాడ సూర్యారావుపేట వెళ్తుంది, క్రిముల్ని పెంచే ప్లేటు మీదకి ఎక్కేసరికి పదకొండున్నర. కొన్నింటికి స్ట్రిప్‌లో నైట్రైట్ (క్రిములు తయారుచేసేది) నెగటివ్, పస్ సెల్స్ (చీము కణాలు) 15-20, కల్చర్‌లో ఈ.కోలై అనే క్రిమి మి.లీ.కి లక్ష పైన. ఇంకొన్నింటికి పస్ సెల్స్ 1-2 ఉన్నా మూడు రకాల క్రిముల గ్రోత్. ఏది తప్పు?

ప్లేటు_లూపు:
రెండో రకానిది కల్చర్ తప్పు కాదండీ, ఎండ తప్పు. వెచ్చగా ఉంటే ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపవగలదు. మామూలు సంచిలో నాలుగున్నర గంటలు తిరిగితే చర్మం మీంచి పడ్డ కాసిని క్రిములూ లక్షకి ఎక్కేస్తాయి. రెండు గంటల్లో ప్లేటింగ్ కావాలి, కుదరకపోతే 2-8 డిగ్రీల్లో 24 గంటల దాకా ఆగుతుంది. బోరిక్ యాసిడ్ (క్రిములు పెరగకుండా ఆపే మందు) ఉన్న ట్యూబు వాడితే గీత దాకా నింపండి. సగమే పోస్తే మందు గాఢత పెరిగి అసలు క్రిమినే చంపేస్తుంది, రిపోర్టు 'నో గ్రోత్' అని వస్తుంది. ఆ ట్యూబులో స్ట్రిప్ ముంచొద్దు, ల్యూకోసైట్ (తెల్లకణాల) ప్యాడ్ తప్పు చూపించొచ్చు.

లూపు (మూత్రాన్ని ప్లేటు మీదకి తీసే తీగ ఉంగరం) కూడా చూసుకోమనండి. 0.001 మి.లీ. లూపుతో 100 కాలనీలంటే మి.లీ.కి లక్ష. నిలువుగా ముంచాలి, వాల్చి ముంచితే ఎక్కువ పట్టుకొస్తుంది, లెక్క పెరుగుతుంది.

స్ట్రిప్_డబ్బా:
నైట్రైట్ పాజిటివ్‌ని చాలావరకు నమ్మొచ్చు, నెగటివ్‌ని నమ్మలేం. మూత్రం బ్లాడర్‌లో నాలుగు గంటలైనా నిలిస్తేనే నైట్రేట్ నైట్రైట్‌గా మారుతుంది. మంట ఉన్న మనిషి అరగంటకోసారి వెళ్తుంటే ఎక్కడ నిలుస్తుంది! ఎంటరోకాకస్ అనే క్రిమి అయితే అసలు మార్చదు. విటమిన్ సి బిళ్లలు ఎక్కువ మింగినా నెగటివే. నైట్రైట్ 60 సెకన్లకి, ల్యూకోసైట్ 2 నిమిషాలకి చదవాలి. అన్నీ ఒకేసారి చూసేసి పక్కన పడేస్తారు చాలామంది. స్ట్రిప్‌ల డబ్బా మూత తీసి ఉంచితే గాలికే నైట్రైట్ ప్యాడ్ గులాబీ రంగుకి తిరుగుతుంది. మంటకి ఫెనజోపిరిడిన్ వేసుకున్నవాళ్ల నారింజ మూత్రానికి స్ట్రిప్ రంగులు పట్టించుకోకండి.

యూరో_ఓపీ:
పస్ సెల్స్ ఉండి, సరిగ్గా పంపిన కల్చర్ కూడా రెండుసార్లు ఖాళీగా వస్తే అప్పుడు ఆలోచించాలి. ముందే యాంటీబయాటిక్ పడిందా, రాయి ఉందా, క్లమీడియా (లైంగికంగా సోకే ఇన్‌ఫెక్షన్) ఉందా అని చూడాలి. ఇవేవీ కాకపోతే టీబీ. దానికి వరసగా మూడు నుంచి ఐదు రోజులు, నిద్ర లేవగానే వచ్చిన మొత్తం మూత్రం కావాలి. స్మియర్‌లో (గాజు పలక మీద రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే) కనపడాలంటే మి.లీ.కి 5-10 వేల టీబీ బాసిల్లై (క్రిములు) ఉండాలి, పైగా స్మెగ్మాటిస్ అనే వేరే క్రిమి కూడా అచ్చం అలాగే కనిపించి మోసం చేస్తుంది. సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువుని వెతికే పరీక్ష) మేలు, అదీ నెగటివ్ వస్తే టీబీ లేదని కాదు. టీబీకి చేసే లిక్విడ్ కల్చర్ 42 రోజులు ఆగాకే నెగటివ్ అంటారు.

లక్ష అన్న అంకెనీ గుడ్డిగా పట్టుకోవద్దు. మంట ఉన్న ఆడవాళ్లలో ఒకే రకం ఈ.కోలై వెయ్యి ఉన్నా లెక్కే. ఏ బాధా లేనివాళ్లకి, గర్భిణులు, యూరాలజీ ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు తప్ప, లక్ష ఉన్నా మందు అక్కర్లేదు.

బ్రాడీపేట కలెక్షన్:
ఐస్ బాక్స్ రేపట్నుంచే పెడతాం. 'మిడ్‌స్ట్రీమ్' అంటే పెద్దవాళ్లకి అర్థం కావట్లేదు, ఏమని చెప్పాలి?

ప్లేటు_లూపు:
"నీళ్లతో కడుక్కోండమ్మా, సబ్బు వద్దు. మొదట కాస్త వదిలేయండి, ధార ఆపకుండా డబ్బా పెట్టి సగం పట్టండి, చివరిది మళ్లీ బయటికే. డబ్బా లోపల వేలు పెట్టొద్దు." బాత్‌రూమ్ తలుపు మీద అంటించేయండి.