కణాలను పస్తు పెడితే ఎల్‌సీ3-2 పెరగాలి కదా, తగ్గిందేంటి?

ప్రశ్న:
ఆటోఫేజీ (కణం తన భాగాలనే అరగదీసుకోవడం) జరుగుతోందా అని వెస్టర్న్ బ్లాట్‌లో ఎల్‌సీ3-2 (ఎల్‌సీ3 ప్రొటీన్‌కు కొవ్వు అంటుకున్న రూపం) చూస్తున్నాను. హీలా కణాలు (ల్యాబులో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు), 6 వెల్ ప్లేటు. పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి 4 గంటలు ఈబీఎస్‌ఎస్‌లో (పస్తు కోసం వాడే, అమైనో ఆమ్లాలు లేని ఉప్పు ద్రావణం) ఉంచాను. డిటర్జెంట్ ఉన్న రీపా బఫర్‌తో కణాలను పగలగొట్టి లైసేట్ తీసి, స్పిన్ చేసి, పైది 20 మైక్రోగ్రాములు 12 శాతం జెల్‌లో వేశాను. పొర 0.45 మైక్రాన్ పీవీడీఎఫ్. మామూలు మీడియాలో ఉన్నవాటికంటే పస్తున్న కణాల్లోనే ఎల్‌సీ3-2 బ్యాండు పలచగా ఉంది. ఆటోఫేజీలో అరిగిపోవాల్సిన పీ62 ప్రొటీన్ కూడా పెద్దగా తగ్గలేదు. ఆటోఫేజీ మొదలే కాలేదనుకోవాలా?

జవాబు 1:
ఈ బ్లాట్ చూసి అలా చెప్పలేమండీ. ఆటోఫేగోజోమ్ (అరగాల్సిన సరుకును చుట్టేసే సంచి) లోపలి పొరకు అంటుకున్న ఎల్‌సీ3-2 కూడా సరుకుతో పాటే లైసోజోమ్‌లో (కణంలో సరుకును అరిగించే సంచి) అరిగిపోతుంది. మీకు కనిపించేది తయారైనది కాదు, అరగ్గా మిగిలింది. 4 గంటల పస్తులో అరుగుదల జోరుగా ఉంటే బ్యాండు పలచబడటం మామూలే.

నాలుగు లేన్లు పెట్టండి: మామూలు మీడియా, దానికి బాఫిలోమైసిన్ ఎ1 (లైసోజోమ్‌లో అరుగుదలను ఆపే మందు), పస్తు, పస్తుకు బాఫిలోమైసిన్. మందు 100 నానోమోలార్, చివరి 2 గంటలు మాత్రమే. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో 100 మైక్రోమోలార్ స్టాక్ ఉంటే మిల్లీలీటరుకు 1 మైక్రోలీటరు సరిపోతుంది. మందు లేని వెల్స్‌కి అంతే డీఎంఎస్‌ఓ వెయ్యాలి. మందు ఉన్న లేన్ నుంచి లేనిదాన్ని తీసేస్తే వచ్చే తేడాయే ఫ్లక్స్, అంటే ఆటోఫేజీ నడిచే జోరు. పస్తులో ఆ తేడా పెద్దదైతే ఆటోఫేజీ నడుస్తున్నట్టే.

ఎల్‌సీ3-2ని ఎల్‌సీ3-1తో (కొవ్వు అంటుకోని రూపం) భాగించి గ్రాఫు గీసే అలవాటుంటే మానేయండి. చాలా యాంటీబాడీలు రెండింటినీ ఒకేలా పట్టవు. లేన్లన్నిటిలో దాదాపు సమానంగా ఉండే యాక్టిన్‌తోనో ట్యూబులిన్‌తోనో పోల్చండి.

జవాబు 2:
పై మాట నిజమే, కానీ బ్లాట్‌లోనూ లోపాలున్నాయి. అంత చిన్న ప్రొటీన్‌కు 0.45 పొర వద్దు, దాటి వెళ్లిపోతుంది. అనుమానముంటే వెనక రెండో పొర పెట్టి దాన్నీ ప్రోబ్ చేయండి. 0.2 మైక్రాన్ పీవీడీఎఫ్, 15 శాతం జెల్, ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో 20 శాతం మెథనాల్ వాడండి. డై బయటికి పోకముందే జెల్ ఆపాలి. కింది బ్యాండే ఎల్‌సీ3-2. కొవ్వు అంటుకుని బరువెక్కినా జెల్‌లో అదే వేగంగా దిగుతుంది.

పీ62 గడ్డలు డిటర్జెంట్‌లో సరిగా కరగవు, స్పిన్ చేస్తే పెల్లెట్‌లోకి పోతాయి. అందుకే స్పిన్ మానేసి, వేడి 1 శాతం ఎస్‌డీఎస్‌ను నేరుగా వెల్‌లో పోసి గీకి, మరిగించి, జిగట పోయేదాకా సన్నసూదిలోంచి లాగండి. ప్రొటీన్ ఎంతుందో కొలవడానికి బీసీఏ పరీక్ష వాడండి, బ్రాడ్‌ఫోర్డ్ పరీక్ష ఎస్‌డీఎస్‌ను తట్టుకోదు. డీటీటీ (ప్రొటీన్ బంధాలను విడగొట్టే రసాయనం) కలిపేది కొలిచాకే, లేకపోతే బీసీఏ కూడా తప్పు చెబుతుంది. లైసేట్‌ను ఫ్రీజర్‌లోంచి తీసి మళ్లీ మళ్లీ పెడితే ఎల్‌సీ3-1 పోతుంది.

ఇంకోటి, పస్తు సాగే కొద్దీ పీ62 జన్యువు మళ్లీ పనిచేస్తుంది, తగ్గినది తిరిగి నిండుతుంది. 1, 2, 4 గంటలకు విడివిడిగా తీసి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
నాలుగు లేన్లు పెడతాను. ఎంచెర్రీ-జీఎఫ్‌పీ-ఎల్‌సీ3 (ఎర్రగా వెలిగే ఎంచెర్రీ, పచ్చగా వెలిగే జీఎఫ్‌పీ తగిలించిన ఎల్‌సీ3; రెండూ వెలిగితే పసుపు) కూడా చూశాను. ఫిక్స్ చేసిన స్లైడ్‌లో పస్తున్న కణాల్లోనూ చుక్కలన్నీ పసుపే.

జవాబు 3:
ఫిక్స్ చేయడం వల్లే అయ్యుంటుంది. లైసోజోమ్ ఆమ్లంలో జీఎఫ్‌పీ ఆరిపోవాలి, ఎంచెర్రీ ఒక్కటే ఎర్రగా మిగలాలి. కణం చచ్చాక ఆ ఆమ్లం నిలవదు. తటస్థ పీహెచ్ బఫర్ తగిలితే జీఎఫ్‌పీ మళ్లీ వెలుగుతుంది. బతికున్న కణాల్నే 37 డిగ్రీల దగ్గర, రెండు చానళ్లూ ఒకదాని తర్వాత ఒకటి స్కాన్ చేస్తూ తీయండి. బాఫిలోమైసిన్ వేసిన వెల్‌లో అన్నీ పసుపు రావాలి, అది మీ కంట్రోల్.

అప్పుడప్పుడే ట్రాన్స్‌ఫెక్ట్ చేసిన కణాల్లో ఎల్‌సీ3 ఎక్కువై దానంతటదే గడ్డకడుతుంది. తక్కువ ఎక్స్‌ప్రెషన్ ఉన్న స్టేబుల్ లైన్ మేలు. పక్కనే ఎల్‌సీ3 జీ120ఏ మ్యూటెంట్‌నూ పెట్టండి. దానికి కొవ్వు అంటుకోదు కాబట్టి అందులో చుక్కలు కనిపిస్తే అవి వట్టి గడ్డలే.