అప్‌డేట్: మా అబ్బాయి గంజాయి మానేశాక

మా 16 ఏళ్ల అబ్బాయి బ్యాగులో గంజాయి దొరికిందని, కొట్టాలా, హాస్టల్లో వేయాలా అని అప్పట్లో అడిగాను. రెండూ చేయలేదు. మీలో కొందరు చెప్పినట్టు, మత్తులో లేనప్పుడు కూర్చోబెట్టి వాడు చెప్పేదంతా విన్నాను. తర్వాత సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాం.

మానేసిన మొదటి వారం నరకం. నిద్ర లేదు, తిండి సయించలేదు, అయినదానికీ కానిదానికీ చిరాకు. అది పొగరు కాదని, అలవాటుపడ్డ శరీరం పడే బాధని, రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతుందని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాం. నిద్ర మాత్రం ఇంకా కుదుటపడలేదు.

రెండో నెలలో ఒకసారి మళ్లీ తాగాడు. వాడే వచ్చి చెప్పాడు. మావారు అరవబోతే ఆపాను. అరిస్తే ఇంకోసారి చెప్పడు కదా! ఇప్పుడు కౌన్సెలింగ్‌కి ముగ్గురం వెళ్తున్నాం.