విశాఖ నుంచి చెన్నైకి తెరచాప పడవలో వెళ్లేటప్పుడు ఎక్కడెక్కడ ఆగాలి?

ప్రశ్న

మేము ముగ్గురు మిత్రులం కలిసి 30 అడుగుల తెరచాప పడవ ఒకటి నడుపుతున్నాము. అది నీటిలో 1.6 మీటర్ల లోతు మునుగుతుంది. చిన్న డీజిల్ ఇంజను కూడా ఉంది. జనవరి రెండో వారంలో విశాఖపట్నం నుంచి చెన్నైకి వెళ్లాలని అనుకుంటున్నాము. పగలు ప్రయాణించి రాత్రి లంగరు వేసుకోవాలన్న ఉద్దేశంతో పటం మీద కాకినాడ, అంతర్వేది, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం గుర్తించి పెట్టుకున్నాము. మాలో ఇద్దరికే రాత్రి పూట చుక్కాని పట్టిన అనుభవం ఉంది. ఈ మజిలీలు సరిపోతాయా? సెలవులు కుదరకపోతే ప్రయాణాన్ని ఫిబ్రవరి చివరికి జరుపుకోవచ్చా?

మొదటి సమాధానం

రెండో ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే ఎక్కడ ఆగాలన్నది చాలా వరకు ఏ నెలలో వెళుతున్నారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. మన తూర్పు తీరం వెంట సముద్ర ప్రవాహం ఏడాదికి రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అది దక్షిణం వైపు సాగుతుంది, ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరం వైపు సాగుతుంది, మార్చి, ఏప్రిల్ నెలల్లో బాగా బలపడుతుంది. జనవరిలో ప్రవాహం అటూ ఇటూ కాకుండా మెత్తబడి ఉంటుంది, ఈశాన్య గాలి ఇంకా వెనుక నుంచి సాయం చేస్తూనే ఉంటుంది, నవంబరులో ముదిరే తుపానుల భయమూ చాలా వరకు తగ్గిపోతుంది. ఫిబ్రవరి చివరికి జరుపుకుంటే గాలి తగ్గి, ప్రవాహం ఎదురు తిరిగే అవకాశం ఎక్కువ. గంటకు 4.5 నాటికల్ మైళ్లు నడిచే పడవకు ఒక నాట్ (గంటకు ఒక నాటికల్ మైలు) ఎదురు ప్రవాహం తగిలితే, కాకినాడ నుంచి కృష్ణపట్నానికి ఉండే 230 నాటికల్ మైళ్ల దూరానికి 51 గంటలకు బదులు 66 గంటలు పడుతుంది, అంటే మీ ముగ్గురికీ ఇంకొక రాత్రి అదనంగా నిద్ర కరువవుతుంది. అందుచేత జనవరిలో కుదరకపోతే వచ్చే జనవరికి వాయిదా వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక మజిలీల విషయం. అంతర్వేదిని, మచిలీపట్నాన్ని మీ జాబితా నుంచి తీసివేయండి. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుక మేటలు ప్రతి వరదకూ స్థానం మార్చుకుంటాయి, పటం మీద చూపిన లోతు ఈ ఏడు ఉండకపోవచ్చు. నది నీరు బయటికి వచ్చే వేళ ఎదురుగా ఈశాన్యపు అల వస్తే మేట మీద నీరు విరుచుకుపడుతుంది. స్థానిక మరపడవల వారు రోజూ తిరిగే దారి తెలిసినవారు కాబట్టి లోపలికి వెళ్లగలుగుతారు, వారి పడవలు మీ పడవంత లోతు మునగవు కూడా. మచిలీపట్నం దగ్గర తీరం ఎంతో దూరం వరకు లోతు తక్కువగా, బురదగా ఉంటుంది, ఈశాన్య గాలికి అడ్డమనేదే లేదు. అక్కడ కొత్త ఓడరేవు పనులు జరుగుతున్నా దాన్ని మీ మజిలీగా లెక్కలోకి తీసుకోకండి.

మిగిలినవాటిలో మజిలీగా లెక్కలోకి తీసుకోదగ్గవి కాకినాడ, కృష్ణపట్నం. విశాఖ నుంచి కాకినాడ దాదాపు 75 మైళ్లు, పదిహేడు గంటల ప్రయాణం. పగటి పూటే ముగించాలని తెల్లవారుజామున బయలుదేరితే చీకట్లో చేరుతారు. మధ్యాహ్నం మూడు గంటలకు బయలుదేరి డాల్ఫిన్స్ నోస్ దీపస్తంభాన్ని వెలుగులోనే వెనక్కి వదిలితే, మరునాడు ఉదయం ఎనిమిది ప్రాంతంలో కాకినాడ దగ్గరి వాకలపూడి తీరం కనిపిస్తుంది. కాకినాడ అఖాతం ముందున్న హోప్ ఐలాండ్ తూర్పు నుంచి వచ్చే అలను ఆపుతుంది కానీ అఖాతం ఉత్తరం వైపు తెరిచే ఉంటుంది, దక్షిణ భాగం కోరింగ మడ అడవుల వైపు పూడిపోయి ఉంటుంది. కాబట్టి గాలి ఉత్తరానికి తిరిగిందేమో చూసుకుని మరీ లంగరు వేయండి.

కాకినాడ నుంచి కృష్ణపట్నం వరకు మధ్యలో మజిలీ లేదనుకునే ప్రణాళిక వేయాలి. హోప్ ఐలాండ్‌ను ఉత్తరం నుంచి చుట్టి, గోదావరి డెల్టా తీరంలోని శాక్రమెంటో దీపస్తంభానికి చాలా ఎడంగా దక్షిణానికి దిగి, అక్కడి నుంచి నైరుతికి తిరిగితే దాదాపు 230 మైళ్లు. తెల్లవారగానే బయలుదేరితే మూడో రోజు ఉదయానికి చేరుతారు. రెండు రాత్రులు సముద్రం మీద గడపడం కష్టమే, అయినా తెలియని మొగలోకి సాయంత్రం పూట ప్రవేశించడం కన్నా అది క్షేమం.

అడిగినవారు

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. అయితే మా మూడో మిత్రుడికి రాత్రి అనుభవం లేదు. మధ్యలో ఒంట్లో బాగోక, లేదా గాలి పెరిగి ఆగవలసి వస్తే తలదాచుకునే చోటు ఒక్కటైనా లేదా?

రెండో సమాధానం

ఉంది, అయితే అది రేవు కాదు. కృష్ణా డెల్టా దక్షిణానికి పొడుచుకు వచ్చినట్టుగా ఉంటుంది కదా, దాని పడమటి వైపు నిజాంపట్నం అఖాతం ఈశాన్య గాలికి చాటుగా ఉంటుంది. చేపల రేవు లోపలికి వెళ్లే ప్రయత్నం చేయవద్దు, ఆ దారి లోతు మీకు చాలదు. డెల్టా కొనను బాగా దూరంగా చుట్టి వచ్చి, ఏడెనిమిది మీటర్ల లోతులో బయటే లంగరు వేసుకోండి. అడుగు బురద కాబట్టి గొలుసు ధారాళంగా వదలాలి. గాలి దక్షిణానికి గానీ నైరుతికి గానీ తిరిగితే అక్కడ ఒక్క గంట కూడా ఉండరాదు.

కాపలా విషయంలో ముగ్గురూ మూడేసి గంటలు చుక్కాని పట్టి ఆరేసి గంటలు పడుకోండి. అనుభవం లేని మిత్రుడికి సూర్యాస్తమయానికి ముందు మొదలయ్యే వంతును, తెల్లవారుజాము వంతును ఇవ్వండి. కాకినాడకు వెళ్లే మొదటి రాత్రే అతనికి శిక్షణ అవుతుంది. ఆ రాత్రి అతను తట్టుకోలేకపోతే కాకినాడలోనే నిర్ణయం తీసుకోవాలి, ఆ తరువాత వెనక్కి తిరగడం కష్టం.

బయలుదేరే ముందు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అల, గాలి, ప్రవాహాల అంచనాలను, విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలను చూసుకోండి. బంగాళాఖాతం దక్షిణ భాగంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే కాకినాడ నుంచి కదలవద్దు.

మూడో సమాధానం

పైవారు చెప్పిన దారి సరైనదే. వలల సంగతి మాత్రం కలపాలి. గోదావరి మొగల ముందు, మళ్లీ నిజాంపట్నం ఎదుట, రాత్రి పూట మరపడవలు గుంపులుగా ఉంటాయి. కొన్నింటికి దీపం ఉండదు, చాలా వాటికి ఏఐఎస్ (తమ ఉనికిని ఇతర పడవలకు రేడియోలో తెలిపే పరికరం) ఉండదు. వలకు ఒక కొస పడవ, రెండో కొస చిన్న జెండా కట్టిన తేలుడు బుంగ. అందువల్ల పడవ దీపం కనిపిస్తే దాని చుట్టూ ఉన్న చీకటి కూడా వలే అనుకుని దూరంగా తప్పుకోవాలి. వేట నిషేధం ఏప్రిల్ 15న గానీ మొదలు కాదు కనుక జనవరిలో పూర్తి స్థాయిలో వేట సాగుతుంది. గోదావరి మొగల ఎదుట చమురు, గ్యాస్ వేదికలు కూడా ఉన్నాయి, వాటికి 500 మీటర్ల లోపలికి వెళ్లడం నిషిద్ధం.

కృష్ణపట్నం నుంచి చెన్నై దాదాపు 70 మైళ్లే అయినా మధ్యలో శ్రీహరికోట ఉంది. ప్రయోగం ఉన్న రోజుల్లో సముద్రంలో ప్రమాద ప్రాంతాన్ని ప్రకటించి పడవలను రానివ్వరు కాబట్టి, నావికులకు ఇచ్చే హెచ్చరికలను కృష్ణపట్నంలోనే చదవండి. పులికాట్ ఎదుట నీటి అడుగున ఇసుక తిన్నెలు ఒడ్డుకు చాలా దూరం వరకు ఉంటాయి, రాత్రి అక్కడ ఒడ్డు దీపాలను చూసి దూరం అంచనా వేయకండి.

కృష్ణపట్నం పెద్ద ఓడల రేవు. రేవు అధికారులకు వారం ముందే పడవ పత్రాలతో లేఖ రాసి, అనుమతి చేతికి వచ్చాకే దాన్ని మజిలీగా లెక్కపెట్టండి. అనుమతి రాకపోతే నిజాంపట్నం అఖాతంలో నిద్ర తీర్చుకుని నేరుగా చెన్నైకి సాగాలి. దాని కోసం నీరు, డీజిల్ కాకినాడలోనే నింపుకోవాలి. చెన్నై రేవు ముందు ఓడల రద్దీ ఎక్కువ కాబట్టి వీహెచ్ఎఫ్ (ఓడలు వాడే రేడియో) 16వ ఛానల్‌లో రేవు వారితో మాట్లాడి, వారు సరేనన్నాకే లోపలికి తిరగండి. ఆపద వస్తే తీర రక్షక దళం నంబరు 1554, కానీ ఒడ్డుకు దూరంగా సెల్‌ఫోను పనిచేయదు, అక్కడ వీహెచ్ఎఫ్ రేడియోనే ఆధారం.